గడప దాటని స్నేహము



చిన్ననాటి స్నేహమును ఎవరును ఎవరికిని నేర్పనక్కరలేదు. ఊరి పిల్లవాడును పల్లె పిల్లవాడును ఒకే చెరువులో ఈదుదురు, ఒకే చింతచెట్టు ఎక్కుదురు, ఒకే బడిలో ప్రక్కప్రక్కను కూర్చుందురు. తమ మధ్య ఒక గోడ యున్నదని వారికి తెలియదు. దానిని చూపించువారు పెద్దలు. "వాని యింట నీళ్లు త్రాగకుము" అని ఒక తల్లి చెప్పును. "వారి వాకిటివరకే పొమ్ము, లోపలికి పోకుము, నాయనా" అని మరియొక తల్లి చెప్పును. ఆ దినమున పిల్లవాని హృదయములో ఒక ప్రశ్న పుట్టును. అనేకులు ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకొనకుండగనే ముసలివారగుదురు. స్నేహితుడొక ప్రక్కను, కన్నవారి యిల్లొక ప్రక్కను నిలిచినప్పుడు మనుష్యుడు ఎవరికి నమ్మకముగా నుండవలెను? ఈ నెల మనము దానినిగూర్చి ఆలోచింతము.

ఇది పాతకాలపు ప్రశ్న, ఇప్పుడు తీరిపోయినదని కొందరనుకొందురు. వారు మనకు హైదరాబాదునకు పడమట వెలసిన హైటెక్ సిటీని చూపించెదరు. అక్కడ సైబర్ టవర్స్ అను భవనమును 1998 నవంబరు 22న అప్పటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి ప్రారంభించిరి. అంతకుముందు మాధాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ అనునవి పెద్ద బండలును పొలములును గల పల్లెలు. నేడు ఆ ప్రాంతమంతటిని సైబరాబాదు అనుచున్నారు. మన సంఘములలోని కుటుంబముల పిల్లలు అక్కడ ఎందరో యున్నారు. కొందరు కంప్యూటరు ముందు కూర్చుందురు, కొందరు కారు నడిపెదరు, కొందరు గేటు కాయుదురు, కొందరు ఆ అద్దాల మేడలను ఊడ్చి తుడిచెదరు.

ఆ పిల్లలు ఎట్లు జీవించుచున్నారో మీకు తెలియును. హాస్టలులో ఒక గదికి ముగ్గురు, నలుగురు. ఒకడు గుంటూరు సీమ రైతు బిడ్డ, ఒకడు నల్లగొండ పల్లెనుండి వచ్చినవాడు, ఒకడు కర్నూలు ముస్లిము కుటుంబపువాడు. ఉద్యోగము దొరకని నెలలలో ఒకని అద్దె మరియొకడు కట్టును. జ్వరము వచ్చినప్పుడు రాత్రియంతయు మేలుకొని తడిగుడ్డ వేయును. ఒక పొట్లము బిర్యానీ విప్పి ముగ్గురును చేతులు పెట్టెదరు. అక్కడ ఎవని కులము ఏదియో అడుగువాడు తక్కువ. ఇది చూచి మనము సంతోషింపవలసినదే.

అయితే సంక్రాంతి వచ్చును. పిల్లలు బస్సులెక్కి సొంత ఊళ్లకు బయలుదేరుదురు. ఒకడు తన స్నేహితుని వెంటబెట్టుకొని యింటికి వచ్చును. తల్లి చిరునవ్వుతోనే అడుగును: "ఏ ఊరు బాబూ? ఇంటి పేరేమి?" ఇంటి పేరు ఎందుకు అడుగుదురో మన దేశములో చిన్నపిల్లలకు కూడ తెలియును. జవాబు వినిన పిమ్మట అందరికిని స్టీలు గ్లాసులలో కాఫీ వచ్చును, ఒకనికి మాత్రము కాగితపు గ్లాసులో వచ్చును. ఎవరును కఠినముగా మాటలాడలేదు, ఎవరును పొమ్మనలేదు. గ్లాసే మాటలాడెను. పట్టణములో అతనితో ఒకే పొట్లములో తినినవాడు తన తల్లి వాకిట తల వంచుకొని కూర్చుండెను. "పెద్దవారి మనస్సు ఎందుకు నొప్పింపవలెను? రెండు దినములే గదా" అని తనలో తాననుకొనెను.

ఆ మౌనమునకు అతడు పెట్టుకొనిన పేరు కుటుంబభక్తి. ఆ పేరు దానికి తగునా తగదా అనునదే మన విచారణ.

ఆ కొత్త భవనములకు కొద్ది మైళ్ల దూరముననే గోలకొండ కోట యున్నది. అక్కడి రాజులలో ఒకని కథ ఈ సంగతికి సంబంధించినదే. 1543లో వృద్ధుడైన సుల్తాన్ కులీ కుతుబ్‌షా హతుడుకాగా, ఆయన కుమారుడు జంషీదు రాజ్యమునకు వచ్చెను. తమ్ముడైన ఇబ్రహీము ప్రాణభయముతో విజయనగరమునకు పారిపోయెను. అక్కడ అళియ రామరాయలు అతనికి ఆశ్రయమిచ్చి గౌరవముతో ఆదరించెను. అతిథియొక్క మతము వేరు, వంశము వేరు. అయినను సుమారు ఏడు సంవత్సరములు అతడు ఆ నీడలో బ్రదికెను. 1550లో జంషీదు మరణించిన పిమ్మట ఇబ్రహీము గోలకొండ సింహాసనమెక్కి తెలుగు కవులను చేరదీసెను. వారాయనను మల్కిభరాముడని పిలిచిరి. అద్దంకి గంగాధర కవి తన తపతీ సంవరణోపాఖ్యానమును ఆయనకు అంకితమిచ్చెను. హుసేనుసాగరము ఆయన కాలమునాటిదే. ఆ చెరువు కట్టించిన హుసేన్ షా వలీ దర్గా నేటి సైబరాబాదు ప్రాంతముననే యున్నది.

తరువాత కాలము మారెను. రామరాయలు దక్కను సుల్తానులలో ఒకరిమీదికి ఒకరిని పురికొల్పుచు, తన బలమును చూచి గర్వించెను. ఆయన సేనలు గోలకొండ సీమమీదికి కూడ వచ్చి కోటలు పట్టుకొనెను. ఇబ్రహీము అహ్మదునగరపు హుసేన్ నిజాంషా కుమార్తెను వివాహమాడి ఆ యింటి అల్లుడాయెను. 1565 జనవరి 23న తళ్లికోట యుద్ధము జరిగెను. రామరాయలు పట్టుబడగా హుసేన్ నిజాంషా ఆయన తల తీయించెను. ఆ దినమున మామ పక్షమున పోరాడినవారిలో ఇబ్రహీమును నుండెను. ఒకప్పుడు తన ప్రాణమును కాచిన వృద్ధుని తల ఈటెపై ఎత్తబడిన యుద్ధములో, గెలిచినవారి వైపున అతడు నిలిచెను.

ఎవరిది తప్పు? ఇద్దరిదియు కొంత కొంత కలదు. ఆశ్రయమిచ్చినవాడు గర్వించి తన స్నేహితుని పొలిమేర దాటెను. ఆశ్రయము పొందినవాడు అల్లుడై, రాజై, పాత ఋణమును మరచెను. మన వంశము, మన వియ్యము, మన రాజ్యము అను మాటలు ఎంత బలమైనవో చూడుడి. అవి ఏడేండ్ల అన్నమును ఒక దినములో మరపించెను.

రాజులకు రాజ్యములు ఉన్నవి, వారి సంగతి వేరు అందురేమో. అట్లయిన మన పల్లెలోనికే వత్తము. గుంటూరు జిల్లా వేములూరుపాడులో 1877లో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు బారిష్టరు చదివి, స్వాతంత్ర్యోద్యమములో జైలుకు పోయి, అక్కడ నుండగా మాలపల్లి అను నవలను వ్రాసిరి. అది 1922లో వెలువడెను. మద్రాసు ప్రభుత్వము దానిని ఒకసారి కాదు, రెండుసార్లు నిషేధించెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన పిమ్మటగాని ఆ నిషేధము తొలగలేదు. మాలవాడైన రామదాసు కుటుంబమును కథకు నడుమ నిలుపుటయే ఆ కాలమున గొప్ప సాహసము.

ఆ రామదాసు కుమారుడు సంగదాసు. ఊరి భూస్వామి చౌదరయ్య. చౌదరయ్య కుమారుడు రామానాయుడు. సంగదాసు ఆ యింట పాలేరు, అయినను రామానాయునికి ప్రాణస్నేహితుడు. ఇద్దరును కలిసి ఆలోచింతురు, కలిసి కలలు కందురు. ఇంతలో కూలివారికిని చౌదరయ్యకును కూలి విషయమై తగవు వచ్చును. సంగదాసు కూలివారి పక్షమున నిలుచును. చౌదరయ్య కోపముతో కొట్టిన దెబ్బకు సంగదాసు చనిపోవును. తరువాత అతని పేర సంగపీఠము వెలయును. అన్న వెంకటదాసు ధనికులను దోచి బీదలకు పెట్టువాడై, చివరకు చెరసాలలో మరణించును.

చదువరులారా, ఇక్కడ ఒక్క క్షణము నిలువుడి. స్నేహము ఇద్దరిది, వెల మాత్రము ఒక్కడే చెల్లించెను. రామానాయుడు కపటి కాడు. అతని ప్రేమ నిజమైనదే. కాని ఆ ప్రేమ తన తండ్రి చేతికింద నున్నవానిని కాపాడలేకపోయెను. ఎత్తైన అరుగుమీద నున్నవాడును క్రింద నిలిచినవాడును చేతులు కలుపుకొనినప్పుడు, అరుగు కూలినయెడల దెబ్బ తగులునది క్రింద నున్నవానికే. పీఠము కట్టుట మంచిదే. అయితే పీఠము చనిపోయినవాని కొరకు కట్టబడును. గడపయొద్ద పలుకు మాటయో, బ్రదికియున్నవానికి మేలు చేయును.

ఇది మన దేశపు రోగము మాత్రమే కాదు. ఆఫ్గనిస్తానులో పుట్టిన ఖాలిద్ హుసేనీ అను వైద్యుడు 2003లో ది కైట్ రన్నర్ అను నవలను ప్రకటించెను. కాబూలు నగరములో అమీరు ధనికుడైన పష్తూను జాతివాని కుమారుడు. హసను ఆ యింటి సేవకుని కుమారుడు, హీనముగా చూడబడు హజారా జాతివాడు. ఇద్దరును కలిసి గాలిపటములు ఎగురవేయుదురు. ఒక దినమున అమీరు కొరకు గాలిపటము తేబోయిన హసనును దుర్మార్గులు సందులో చుట్టుముట్టి చెరిచిరి. అమీరు దాగి చూచెను, నోరు మెదపలేదు. తరువాత హసను ముఖము చూడలేక, అతనిమీద దొంగతనము మోపి యింటినుండి వెళ్లిపోవునట్లు చేసెను. ఎన్నో ఏండ్లకు ఒక రహస్యము బయటపడెను: హసను తన తండ్రికే పుట్టినవాడు, తన తమ్ముడే. కుటుంబము వేరు, స్నేహితుడు వేరు అని ఎవనిని వెలుపల నిలిపెనో వాడే కుటుంబము!

మంగళాపురపు మాలపల్లియు కాబూలు వీధియు ఎంతో దూరము. రెండు కథలలోను నొప్పి మాత్రము ఒకే వైపున పడినది. గోడకు పై ప్రక్కనున్న స్నేహితుడు మౌనముగా నుండగలడు. అతని మౌనమునకు కలుగు నష్టమును క్రింది ప్రక్కనున్నవాడు భరించును.

అట్లయిన పైనున్నవాడు చేయవలసినదేమి? తన యింటిని విడిచిపెట్టి పోవలెనా? తండ్రిని ద్వేషింపవలెనా? మనము ఆదివారపు బడినుండి ఎరిగిన యోనాతాను కథను మరల జ్ఞాపకము చేసికొందము. అతడు రాజైన సౌలు కుమారుడు. దావీదు బేత్లెహేములో గొఱ్ఱెలు కాచిన పిల్లవాడు. యోనాతాను తన పైవస్త్రమును, కత్తిని, వింటిని, నడికట్టును తీసి దావీదునకిచ్చెను. ఇవ్వదగినవాడు ముందుగా ఇచ్చెను. స్నేహమునకు వెల చెల్లించుట ఎత్తున నున్నవానినుండి ఆరంభమాయెను.

తండ్రి దావీదును చంపజూచినప్పుడు యోనాతాను వీధిలో కేకలు వేయలేదు, ఇంటిలోనే మాటలాడెను. ఈ మనుష్యుడు నీకేమి కీడు చేసెనని తండ్రినే అడిగెను. మొదటిసారి సౌలు వినెను. రెండవసారి భోజనపు బల్లయొద్దనే కుమారునిమీద ఈటె విసరెను. దావీదు కొరకు ఎత్తిన ఈటె యోనాతానుమీదికి వచ్చెను. రామానాయుని కథలో తండ్రి దెబ్బ స్నేహితుని తలపై పడినది. ఇక్కడ కుమారుడు దానికి అడ్డముగా కూర్చుండెను. అదియే వ్యత్యాసము.

అయినను యోనాతాను తండ్రిని విడువలేదు. జీఫు అరణ్యములో దావీదును కలిసికొని ధైర్యపరచి మరల తన యింటికే పోయెను. తుదకు గిల్బోవ కొండమీద తండ్రితోకూడ యుద్ధములో మరణించెను. తండ్రితో చనిపోవుటకు ఇష్టపడెను గాని తండ్రి పాపములో పాలుపొందుటకు ఇష్టపడలేదు. ఇంటిని ప్రేమించుట వేరు, ఇంటి తప్పును కాపాడుట వేరు. ఈ రెంటిని కలిపివేయుటచేతనే మనకు ఆ చిక్కు వచ్చుచున్నది.

"తల్లిదండ్రులను సన్మానింపవలెను గదా?" అని మీరడుగుదురు. అవును, తప్పక సన్మానింపవలెను. అయితే చీకటిలో పాడుబావివైపు నడచుచున్న తండ్రిని చూచి, పెద్దవానికి ఎదురు చెప్పరాదని ఊరకుండు కుమారుడు ఆయనను సన్మానించినట్లగునా? "నాన్నగారూ, అటు పోకుడి" అని చెయ్యి పట్టుకొనువాడే కుమారుడు. ఆయన విదలించుకొనును, తిట్టును, రెండు దినములు మాటలాడకుండును. ఆ రెండు దినముల బాధను భరించుటయే కుటుంబభక్తి. మెల్లగా, మర్యాదగా, ఒంటరిగా నున్నప్పుడు చెప్పుడి, కాని చెప్పుడి. "అమ్మా, వానికి కాగితపు గ్లాసులో ఇచ్చినయెడల నాకును అందులోనే ఇమ్ము" అనుటకు ఎంత చదువు కావలెను? ఎంత జీతము కావలెను?

గోడకు క్రింది ప్రక్కనున్న కుటుంబమునకు కూడ ఒక భక్తి యున్నది. అక్కడి తల్లి "పెద్దవారితో మనకెందుకు నాయనా, దూరముగా నుండుము" అని కుమారుని వెనుకకు లాగును. ఆమెను పిరికిదని అనకుడి. 1985 జూలై 17న చీరాల దగ్గరి కారంచేడులో ఆరుగురు మాదిగలు చంపబడిరి. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గరి చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడి, కాలువలలోను పొలములలోను పడవేయబడిరి. ఆ తల్లి ఎరిగిన సంగతులివి. కాబట్టి ఆ పిల్లవాడు ఒక స్నేహితుని నమ్మి అతని వాకిట అడుగు పెట్టినప్పుడు, తన తల్లి భయమును కూడ దాటి వచ్చెనని ఎరుగుడి. అంత నమ్మిక తెచ్చినవానికి తల వంచుకొని కూర్చుండు స్నేహితుడు చాలునా?

ఇంతవరకు చదివి, ఇది ఊరివారికి చెప్పవలసిన మాట, మాకు కాదని మనలో అనేకులు అనుకొనవచ్చును. మనలో ఎక్కువమందిమి పల్లెలోనివారమే, గోడకు క్రింది ప్రక్కను నిలిచినవారమే. అయితే నిజము పలుకుదము. మన పల్లెలలో మాలల గుడి యొకటి, మాదిగల గుడి యొకటి ఎన్ని చోట్ల లేవు? ఒకే ప్రార్థన చేసినవారు పెండ్లిమాట వచ్చినప్పుడు ఇంటి పేర్లు అడుగుట లేదా? ఒకరి కూడికకు మరియొకరు పోవుట తక్కువతనమని ఎంచుట లేదా? మనకంటె క్రింద ఎవరో యుండవలెనను కోరిక క్రింద నున్నవానిని కూడ విడువదు. ఊరివాని గడపయొద్ద మనకు దుఃఖము కలిగించిన ఆ గ్లాసే మన యింటి గూటిలో కూడ ఉన్నది. ఎవరికొరకో దానిని వేరుగా పెట్టియున్నాము. కాబట్టి ఎత్తున నున్నవాడు ముందుగా వెల చెల్లింపవలెనను మాట మనకును వర్తించును. ఏదో ఒకని ప్రక్కను మనము ఎత్తుగనే నిలిచియున్నాము.

మరియొక సంగతి. నిజమైన స్నేహము ఒక తరముతో తీరిపోదు. యోనాతాను చనిపోయిన చాలా కాలమునకు దావీదు రాజై, ఆ యింటివాడు ఎవడైన మిగిలెనా అని వెదకించెను. రెండు కాళ్లు కుంటివాడైన మెఫీబోషెతు దొరకెను. దావీదు అతని పొలములు అతనికి తిరిగి యిప్పించి, తన బల్లయొద్దనే దినదినము భోజనము పెట్టించెను. ఆ ఆఫ్గను నవలలో అమీరు కూడ, హసను చంపబడిన పిమ్మట, అపాయములకు తెగించి కాబూలు పోయి అతని కుమారుడు సొహ్రాబును వెంటబెట్టుకొని వచ్చును. బాల్యములో తప్పిపోయిన మాటకు బాకీ అక్కడ కొంత తీరెను.

అయ్యలారా, మీ యౌవనములో మీతో ఎద్దులు కాచినవాడు, కాలువగట్టున మీతో సద్ది పంచుకొనినవాడు ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు? అతడు ఇప్పుడు మీకు కూలివాడో, మీరతనికి కూలివారో అయియుందురు. చిన్ననాడు పేరుపెట్టి పిలుచుకొనినవారు ఇప్పుడు చూపు తప్పించుకొని పోవుచుందురేమో. అతని పిల్లల చదువు ఎంతవరకు వచ్చినదో మీకు తెలియునా? పోయి అడుగుడి. అతని మంచముమీద కూర్చుండి, అతని యింటి నీళ్లు త్రాగి మరీ అడుగుడి.

తల్లులారా, రాబోవు క్రిస్మసునకో సంక్రాంతికో మీ కుమారుడు హైదరాబాదునుండి ఒక స్నేహితుని తోడుకొని వచ్చును. అతడు ఎవడైనను, అంత దూరమున మీ బిడ్డకు జ్వరము వచ్చినప్పుడు తడిగుడ్డ వేసినవాడని జ్ఞాపకముంచుకొనుడి. ఇంటి పేరు అడుగకుడి. "ఆకలిగా నున్నావా, బాబూ?" అని అడుగుడి. మీ బిడ్డకు ఏ కంచములో పెట్టుదురో అటువంటి కంచములోనే అతనికిని పెట్టుడి.

యౌవనులారా, మీ తల్లి ఒకవేళ మరచిపోయి వేరు గ్లాసు తెచ్చినయెడల, లేచి పోయి దానిని మీరు తీసికొని, మీ గ్లాసు అతనికిండి. గదిలో కలిసి తినుటకు మీకు ఖర్చు కాలేదు. గడపయొద్ద లేచుటకు కొంత ఖర్చగును. అయినను లేవుడి.